ఫ్లాట్స్‌లో స్ట్రైపర్: కయాక్‌లో కూర్చుని గాలం వేయడం ఎలా

ఫ్లాట్ అంటే కూకట్‌పల్లిలో ఈఎంఐ కట్టే ఫ్లాట్ కాదు. సముద్రానికీ నేలకీ మధ్య ఉన్న ఉప్పునీటి బేలో, నడుము లోతు కూడా లేని నీళ్లలో, అడుగంతా గడ్డి పరుచుకున్న చోటును అమెరికా తూర్పు తీరంలో ఫ్లాట్ అంటారు. ఆ గడ్డి పేరు ఈల్‌గ్రాస్. చూడ్డానికి నాచులా ఉంటుంది కానీ నాచు కాదు. వేళ్లు, పూలు, గింజలు అన్నీ ఉన్న మొక్క. అందులో చిట్టి రొయ్యలు, పీతలు, వేలెడంత చేపలు దాక్కుంటాయి. వాటిని తినడానికి స్ట్రైప్డ్ బాస్ అనే చేప వస్తుంది. దాన్ని పట్టడానికి మనం వెళ్తాం.

నేను రాసేదంతా న్యూజెర్సీలోని బార్నెగాట్ బే గురించి. నాకు బాగా తెలిసిన నీళ్లు అవే. ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణానికి వచ్చి, 82వ ఎగ్జిట్ దిగి, వంతెన దాటితే ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్ వస్తుంది. ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు బే, మధ్యలో సన్నటి ఇసుక పట్టీ. దక్షిణం కొసన, ఇన్‌లెట్‌కి, అంటే సముద్రపు నీళ్లు బేలోకి వచ్చిపోయే నోటికి దగ్గర్లో, సెడ్జ్ ఐలాండ్స్ అనే గడ్డి దీవులు ఉన్నాయి. ఆ దీవుల మధ్య కాలవలు, కాలవల పక్కన ఫ్లాట్స్. లాంగ్ ఐలాండ్‌లోనో కేప్ కాడ్‌లోనో ఉండేవాళ్లకి చోట్ల పేర్లు వేరైనా పద్ధతి ఇదే.

చేప గురించి రెండు ముక్కలు. ఒంటి మీద తల నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లటి చారలు ఉంటాయి, అందుకే ఆ పేరు. ఇక్కడ అందరూ స్ట్రైపర్ అంటారు. గోదావరికి పులస ఎలా ఎదురెక్కుతుందో, ఇది కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి హడ్సన్, డెలావేర్ నదుల్లోకి, చెసపీక్ బేలో కలిసే నదుల్లోకి అలాగే ఎక్కుతుంది. తీరు మాత్రం మన పండుగప్పది: పెద్ద నోరు, మాటు వేసి ఒక్కసారిగా మింగే అలవాటు. ఫ్లాట్స్‌లో దొరికేవి ఎక్కువగా 18 నుంచి 30 అంగుళాలవి. వసంతంలో, అక్టోబరులో అప్పుడప్పుడు నలభై అంగుళాలది కూడా వచ్చి గుండె ఆపేస్తుంది.

ముందు కాగితాలు

న్యూజెర్సీలో ఉప్పునీటి చేపల వేటకి డబ్బు కట్టే లైసెన్స్ లేదు. కానీ పదహారేళ్లు నిండినవాళ్లు సాల్ట్‌వాటర్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి. ఉచితం, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, ఏటా కొత్తగా చేసుకోవాలి.

సైజు నియమం: 2023 నుంచి మామూలుగా 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేపనే ఇంటికి తెచ్చుకోవచ్చు, అదీ రోజుకి ఒకటే. చిన్నదీ వదలాలి, పెద్దదీ వదలాలి. పెద్దది ఎందుకంటే, లక్షల గుడ్లు పెట్టే ఆడచేపలు అవే. బేలో, నదుల్లో జనవరి, ఫిబ్రవరి నెలలు మూసేస్తారు, మార్చి 1న తెరుస్తారు. బతికున్న ఎర గానీ ముక్క ఎర గానీ వాడితే సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం) తప్పనిసరి. గాఫ్, అంటే పిడి ఉన్న పెద్ద కొక్కెం, వేసి లాగడం నిషేధం. ఈ నియమాలు ఏటా మారొచ్చు కాబట్టి వెళ్లే వారంలో రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల సైట్ ఒకసారి చూసుకోండి. ఇంత పట్టింపు ఎందుకని విసుక్కోకండి. 1980ల మొదట్లో ఈ చేప దాదాపు అడుగంటిపోయింది. 1984లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి, మేరీల్యాండ్‌లో 1985 నుంచి ఐదేళ్లు వేట పూర్తిగా ఆపితే గానీ మళ్లీ తేరుకోలేదు.

పడవ కన్నా ముందు బట్టలు

కొత్తవాళ్లు అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కయాక్ కొనాలి?" అని. అడగాల్సింది "నీళ్లలో పడితే ఏమవుతుంది?" అని.

ఏప్రిల్‌లో బయట ఎండ బాగా కాస్తుంది, టీషర్టు చాలనిపిస్తుంది. నీళ్లు మాత్రం 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటాయి. ఆ నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస వస్తుంది, నోట్లోకి నీళ్లు పోయేది అప్పుడే. ఆ తర్వాత పది నిమిషాల దాకా చేతులూ వేళ్లూ మాట వింటాయి. గంట అయ్యేసరికి స్పృహ తప్పుతుంది. ఒకటి, పది, ఒకటి అని గుర్తుపెట్టుకోమంటారు. ఈత వచ్చు కదా అనుకోకండి. ఊళ్లో చెరువులో నేర్చుకున్న ఈత ఈ చలికి పనికిరాదు.

అందుకే వసంతంలో నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్, లోపల ఉన్ని బట్టలు. నీళ్లు 60 దాటాక, తడిసినా ఒంటి వేడి నిలిపే రబ్బరు వెట్‌సూట్ సరిపోతుంది. లైఫ్ జాకెట్ ఏ నెలలోనైనా ఒంటి మీదే ఉండాలి, సీటు వెనక కాదు. న్యూజెర్సీ చట్టం పెద్దవాళ్లకి పడవలో ఉంటే చాలంటుంది. న్యూయార్క్‌లో నవంబరు 1 నుంచి మే 1 దాకా చిన్న పడవల్లో తొడుక్కునే తీరాలి. చట్టం సంగతి ఎలా ఉన్నా, బోల్తా పడ్డ తర్వాత జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో జులైలో లోతు లేని చోట ఒకసారి కావాలని పడి చూడండి. పడవ తిరగేసి మళ్లీ ఎక్కడం కూడా అప్పుడే పది సార్లు సాధన చేయండి. పిల్లలకి చూడ్డానికి సరదాగా కూడా ఉంటుంది.

జాకెట్‌కి ఈల కట్టుకోండి. ఫోన్ నీళ్లు పోని సంచిలో, ఆ సంచి మీ ఒంటికి. వెలుగు రాక ముందు బయల్దేరితే తెల్ల లైటు ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

పడవని నోరు మూయించడం

పన్నెండు అడుగుల సిట్ ఆన్ టాప్ కయాక్, అంటే లోపల దూరకుండా పైనే కూర్చునేది, చాలు. పాతది ఐదారు వందల డాలర్లకి దొరుకుతుంది. కాళ్లతో తొక్కే పెడల్ కయాక్‌లు లోతు నీళ్లలో హాయిగా ఉంటాయి, గడ్డిలో మాత్రం పెడల్‌కి గడ్డి చుట్టుకుని ప్రతి యాభై గజాలకీ ఆపి పీకాలి. ఫ్లాట్స్‌కి తెడ్డే మేలు.

అసలు విషయం చప్పుడు. రెండడుగుల నీళ్లలో చేప మిమ్మల్ని చూడకముందే వింటుంది. ప్లాస్టిక్ పడవ అంటే డప్పు. తెడ్డు అంచుకి తగిలినా, బల్బు ఊడిన టార్చి లోపల దొర్లినా నీళ్ల కింద మోతే. నా మొదటి సీజన్ అంతా గాలాల పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకునేవాణ్ని. ఎర మార్చాలంటే మూత తీయడం, టక్ మని వేయడం. మే నెల మొత్తానికి రెండు చేపలు. ఒకరోజు పక్కనుంచి వెళ్తున్న పెద్దాయన ఆగి "నువ్వు వస్తున్నావని కాలవ అవతల దాకా తెలుస్తోంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే యోగా మ్యాట్ ఒకటి కోసి, పెట్టె కిందా, తెడ్డు ఆనే చోటా, మడమలు పెట్టే చోటా అంటించాను. మీరూ అదే చేయండి. ఇంట్లో వాడకుండా చుట్టి పడేసిన యోగా మ్యాట్ ఉండనే ఉంటుంది. రోజుకి కావాల్సిన నాలుగు ఎరలు జాకెట్ జేబులో పెట్టుకుంటే అసలు పెట్టె తెరిచే పనే ఉండదు.

లంగరు బదులు గడకర్ర వాడండి. ఆరడుగుల ఫైబర్ కర్ర, ఒక కొసకి తాడు. ఆగాలనుకున్న చోట మెల్లగా బురదలోకి దించి పడవని కట్టేస్తే చాలు. కొల్లేట్లో తాటి దోనెని గడతో ఆపడం చూసినవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు. లంగరు అయితే గుభేల్ మని పడుతుంది, పైగా లాగినప్పుడు గడ్డిని వేళ్లతో సహా పెకలిస్తుంది. గడకర్ర కూడా గడ్డి మధ్యలో ఖాళీగా ఉన్న ఇసుక మచ్చ చూసి దించండి.

కర్ర, దారం, ఎర

ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 3000 లేదా 4000 సైజు రీల్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం. దాని చివర, ఎర కట్టే చోట, మూడడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ దారం, 20 నుంచి 30 పౌండ్లది. రెండిటినీ కలపడానికి ఎఫ్‌జీ నాట్ వేస్తే ముడి సన్నగా వచ్చి రింగుల్లోంచి జారిపోతుంది. అది చేతకాకపోతే డబుల్ యూని అనే తేలిక ముడి. నేను చలికి వేళ్లు వంగని రోజుల్లో డబుల్ యూనితోనే కానిస్తాను. డ్రాగ్‌ని, అంటే చేప లాగితే దారం వదిలే రీల్ బిగువుని, నాలుగైదు పౌండ్లకి బిగించండి. అంతకన్నా బిగిస్తే మొదటి పరుగులోనే ఏదో ఒకటి తెగుతుంది.

ఎరలు రెండు రకాలుంటే చాలు.

మొదటిది మెత్తటి రబ్బరు చేప, ఆరు నుంచి తొమ్మిది అంగుళాలది, తెలుపు రంగు. దీన్ని 5/0 సైజు వీడ్‌లెస్ హుక్‌కి గుచ్చాలి, అంటే గాలం మొన రబ్బరు లోపలే దాగి ఉండాలి. గడ్డిలో ఇదే ప్రాణం. మొన బయటికి ఉంటే ప్రతి విసురుకీ పిడికెడు గడ్డి వస్తుంది తప్ప చేప రాదు. గుచ్చేటప్పుడు ముక్కులోంచి పావంగుళం దించి, పక్కకి తీసి, హుక్ తిప్పి, పొట్ట కిందనుంచి వీపు దాకా నిలువుగా పొడవాలి. రబ్బరు చేప సూదిలా నిటారుగా ఉందో లేదో చూడండి. కాస్త వంగినా నీళ్లలో గిరగిర తిరిగి దారం మెలికలు పడిపోతుంది.

రెండోది నీటి పైన తేలే గట్టి ప్లాస్టిక్ చేప, స్పూక్ అంటారు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు దీని ముందు ఇంకేదీ నిలవదు. రాడ్ కొసని కిందికి పెట్టి చిన్న చిన్న కుదుపులిస్తూ, కుదుపుకీ కుదుపుకీ మధ్య దారం కాస్త వదులు చేస్తూ ఉంటే అది కుడికీ ఎడమకీ తల తిప్పుకుంటూ నడుస్తుంది. కంపెనీ వాళ్లు మూడు కొక్కేల గాలాలు రెండేసి పెట్టి అమ్ముతారు. అవి తీసేసి ఒంటి గాలాలు వేసుకోండి, ముల్లు ప్లయర్‌తో నొక్కేయండి. చేపకి మంచిది, ఒళ్లో ఎగిరిపడే చేప దగ్గర కూర్చున్న మీకు ఇంకా మంచిది.

ఏ రోజు వెళ్లాలి: పంచాంగం చూడండి

హాస్యం కాదు. ఇండియన్ స్టోర్ వాళ్లు ఉగాదికి ఇచ్చే తెలుగు క్యాలెండర్ నాకు టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) కన్నా ముందు పనికొస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుంది, అష్టమి దగ్గర నీరసంగా ఉంటుంది. మన తీరంలో జాలరులు తరతరాలుగా చూసే లెక్కే ఇది. చంద్రుడు ఇక్కడా ఒక్కడే కదా.

దీంట్లో ఇంకో సౌకర్యం ఉంది. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇన్‌లెట్ దగ్గర పోటు నిండేది సుమారుగా ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది ప్రాంతంలో. అంటే తెల్లవారే వేళకి నీళ్లు ఇంకా ఎక్కుతూ ఉంటాయి. మసక వెలుతురు, ఎక్కే పోటు, రెండూ ఒకేసారి దొరకడం చేపకి పెళ్లి భోజనం. అష్టమి నాటికి లెక్క తిరగబడి, పొద్దున ఆ వేళకి నీళ్లు అడుగంటి ఉంటాయి. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి మధ్య రోజులు మీరే వేసుకోవచ్చు. చివరికి టైడ్ టేబుల్ కూడా చూడండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి, టేబుల్‌లో ఉండేది ఇన్‌లెట్ టైము. బే లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది, కొన్ని మూలల్లో గంటలకొద్దీ. మీ ఫ్లాట్‌కి ఎంత ఆలస్యమో రెండు మూడు సార్లు వెళ్లి గడియారం చూసి రాసుకుంటేనే తెలుస్తుంది.

ఫ్లాట్ మీద వేటకి మంచి సమయం పోటు చివరి రెండు గంటలు, ఆటు మొదటి గంట. చేప నీళ్లతో పాటే గడ్డి మీదికి ఎక్కుతుంది, నీళ్లు తీసే సూచన కనబడగానే అంచుకి జారుకుంటుంది. ఆటు ముదిరాక మీరూ అంచుకే పోవాలి. ఫ్లాట్ మీది నీళ్లన్నీ ఏ చిన్న కాలవలోంచి కారుతున్నాయో ఆ నోటి దగ్గర మాటు వేయండి. రొయ్యా చిరుచేపా అందులోంచే కొట్టుకొస్తాయి, స్ట్రైపర్ అక్కడే నోరు తెరుచుకుని ఉంటుంది.

నెలల విషయం: ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా. నీళ్లు 55 నుంచి 68 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చేప హుషారుగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఫ్లాట్ నీళ్లు వేడెక్కి పెద్ద చేపలు వెళ్లిపోతాయి. ఆ నెలల్లో గ్రీన్‌హెడ్ అనే ఈగలు వస్తాయి. దోమ అనుకునేరు, అది కుట్టడం కాదు, కండ కోసుకుపోవడం. నేనైతే ఆ రెండు నెలలు ఇంట్లోనే ఉంటాను.

గాలి గంటకి పది మైళ్లు దాటితే కొత్తవాళ్లు వెళ్లకండి. పార్కు బేకి తూర్పు అంచున ఉంది కాబట్టి పడమటి గాలి మిమ్మల్ని ఒడ్డుకే నెడుతుంది, తూర్పు గాలి బే మధ్యలోకి తోసేస్తుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలి వాలున ఉండేలా దారి వేసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి లేవడం ఇక్కడ మామూలే.

గాలికి ఇంకో గుణం ఉంది. మూడేళ్ల కిందట అక్టోబరులో, పౌర్ణమి మర్నాడు, సెడ్జ్ దీవుల మధ్య చేపలు బాగా పడుతున్నాయని కాలవ కొస దాకా వెళ్లాను. రెండు రోజులుగా వాయవ్యం గాలి గట్టిగా వీస్తోంది. ఆ గాలి బే నీళ్లని ఇన్‌లెట్ గుండా బయటికి తోడేస్తుందని అప్పటికి నాకు తెలియదు. టేబుల్ ప్రకారం ఇంకా అడుగున్నర నీళ్లు ఉండాలి. తల తిప్పి చూస్తే పడవ బురద మీద కూర్చుని ఉంది. దిగి లాగుదామని ఒక కాలు పెట్టాను, మోకాలి దాకా దిగబడింది, బూటు లోపలే ఉండిపోయింది. ఇంటావిడ ఫోన్ చేసి "ఎక్కడున్నారండీ?" అంటే "బేలోనే ఉన్నాను" అన్నాను. అబద్ధమేం కాదు, బేలో నీళ్లు లేవంతే. మూడు గంటలు అలా కొంగలతో పాటు కూర్చున్నాను. మీరు బురదలో చిక్కుకుంటే దిగకండి. నీళ్లు వచ్చేదాకా పడవలోనే ఉండండి. తాగడానికి నీళ్లూ, తినడానికి ఏదో ఒకటీ, ఒక ఉన్ని చొక్కా ఎప్పుడూ అదనంగా పెట్టుకోండి.

నీళ్ల మీదికి వచ్చాక

ఫ్లాట్ అంచుకి వంద గజాల దూరంలో ఆగండి. తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఐదు నిమిషాలు ఊరికే చూడండి. ఈ ఐదు నిమిషాలు ఎవరూ ఇవ్వరు, అందుకే చాలామంది ఖాళీగా వెళ్తారు.

ఏం చూడాలి? మొదట పక్షులు. కొంగ కదలకుండా నిలబడి మెడ ముందుకు సాచిందంటే అక్కడ చిరుచేప ఉంది. ఎగురుతూ ఆగి ఆగి నీళ్లలోకి దూకే చిన్న టెర్న్ పక్షులు కూడా అదే చెబుతాయి. తర్వాత నీళ్లు. గాలి లేని పొద్దున నీటి మీద బాణం మొనలా ఒక అల కదిలితే దాని కింద పెద్ద చేప ఉంది. గుప్పెడు చిరుచేపలు ఒక్కసారిగా వాన చినుకుల్లా పైకి చిందితే వెనక తరిమేవాడు ఉన్నట్టు. ఒక్కోసారి తోక అంచు మాత్రమే నీళ్ల పైన కనిపిస్తుంది, తల కిందికి పెట్టి గడ్డిలో పీతని వెతుక్కుంటూ ఉంటుంది. ఎండెక్కాక పోలరైజ్డ్ కళ్లజోడు, అంబర్ రంగుది, తప్పనిసరి. సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకోండి. చేపని కాదు, చేప నీడని వెతకండి.

ఇక దగ్గరికి. తెడ్డుని పూర్తిగా ఎత్తకుండా, నీళ్లలో సగం ముంచి ఉంచే వేయండి. వీలైతే గాలికో పోటుకో పడవని వదిలేసి తెడ్డుతో దిక్కు మాత్రం సరిచేసుకోండి. చేప ఉన్న చోటుకి యాభై అరవై అడుగుల దూరంలో గడకర్ర దించండి.

విసరడం చేప మీదికి కాదు. అది వెళ్తున్న దారిలో, దానికి ఆరేడు అడుగుల ముందు, కాస్త అవతలగా పడాలి. నెత్తిన పడితే ఫ్లాట్ మొత్తం ఖాళీ. రబ్బరు చేప నీళ్లలో పడ్డాక మూడు అంకెలు లెక్కపెట్టి, రెండు చిన్న కుదుపులు, ఒక విరామం. మళ్లీ కుదుపు, మళ్లీ విరామం. విరామంలోనే కొడుతుంది. వెనక అల లేచి ఎర వెంట వస్తుంటే మన చేతులు వాటంతటవే ఆగిపోతాయి. అప్పుడు మాత్రం ఆపకండి. పారిపోయే చేప ఆగి నిలబడదు కదా. ఇంకాస్త వేగం పెంచండి, అప్పుడు కోపంతో మింగుతుంది.

నీటి పైన తేలే ఎరకి ఇంకో కిటుకు. బకెట్ బోర్లించినట్టు నీళ్లు లేచి శబ్దం వస్తుంది, మనం ఉలిక్కిపడి రాడ్ వెనక్కి లాగేస్తాం, ఎర ఎగిరి మన మొహం మీదికొస్తుంది. చేప చాలాసార్లు మొదట తోకతో కొట్టి చూసుకుంటుంది. చప్పుడుకి కాదు, బరువుకి స్పందించండి. చేతికి బరువు తగిలాకే రాడ్ ఎత్తాలి. చెప్పడం తేలికే, నాకు రెండేళ్లు పట్టింది.

పడింది, ఇప్పుడేంటి

గడకర్ర తాడు వెంటనే విప్పేయండి. ఒక్క లాగుకి ఊడేలా ముడి వేసుకోమనేది అందుకే. రాడ్ కొసని పడవ ముక్కు వైపు పెడితే చేప మిమ్మల్ని లాక్కుపోతుంది. లాక్కుపోనివ్వండి. పడవని ఈడ్చేకొద్దీ అది అలిసిపోతుంది, మీ రీల్ పని సగం తగ్గుతుంది. రాడ్‌ని పక్కకి తొంభై డిగ్రీలు పెట్టి బలంగా లాగితే మాత్రం బోల్తా పడే దారి అదే. మీ తల ఎప్పుడూ పడవ మధ్య గీత మీదే ఉండాలి. తల ఎటు పోతే ఒళ్లు అటు, ఒళ్లు ఎటు పోతే పడవ అటు.

చేప గడ్డిలోకి దూరితే దారానికి గడ్డి జడలా చుట్టుకుంటుంది. రాడ్ పైకెత్తి, దారం బిగువు సడలకుండా ఉంచి ఓపిక పట్టండి. చాలాసార్లు అదే బయటికొస్తుంది.

పక్కకి వచ్చాక రెండు కాళ్లూ చెరోవైపు నీళ్లలోకి వేసి కూర్చుంటే పడవ స్థిరంగా ఉంటుంది. చేయి ముందు తడి చేసుకోండి. పొడి చేయి చేప ఒంటి జిగురుని తీసేస్తుంది. రబ్బరు వల ఉంటే నీళ్లలోనే ఉంచి గాలం తీయొచ్చు. స్ట్రైపర్ పళ్లు గరుకు కాగితంలా ఉంటాయంతే, కింది పెదవి బొటనవేలితో పట్టుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది మొప్పల మూత అంచుతో, వీపు మీది ముళ్లతో. బ్లేడులా కోస్తాయి. ఇదే నీళ్లలో బ్లూఫిష్ కూడా పడుతుంది, దాని నోట్లో మాత్రం వేలు పెట్టకండి. మొదటి రోజుల్లో రెండిటికీ తేడా తెలియకపోతే చారలు చూడండి.

ఫోటో కావాలంటే కెమెరా సిద్ధమయ్యాకే చేపని నీళ్లలోంచి తీయండి, ఒక చేయి పొట్ట కింద పెట్టి అడ్డంగా. పెదవి పట్టి నిలువుగా వేలాడదీస్తే దాని దవడా లోపలి అవయవాలూ దెబ్బతింటాయి. మీరు ఊపిరి బిగబట్టండి, మీకు ఊపిరాడనప్పుడు దానికీ ఆడదు. తర్వాత నీళ్లలో నిటారుగా పట్టుకుని తోక దగ్గర వదులుగా పట్టు ఉంచండి. అదే విదిలించుకుని వెళ్తుంది, వెళ్తూ మొహం మీద నీళ్లు కొడుతుంది. వదిలిన ప్రతి చేపా బతకదు. నియమాలు చేసేవాళ్లు లెక్కలు కట్టేటప్పుడు వదిలిన నూటికి తొమ్మిది చచ్చిపోతాయనే వేసుకుంటారు. నీళ్లు వేడిగా ఉంటే అది పెరుగుతుంది. అందుకే 70 డిగ్రీలు దాటితే నేను రాడ్ మూసేస్తాను.

28 నుంచి 31 మధ్యది దొరికి, ఇంటికి తేవాలనుకుంటే, నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి కొలవండి. పావంగుళం అనుమానం ఉన్నా వదిలేయండి. పడవ మీద ముక్కలు కోయకూడదు, చేపని చేపలాగే ఒడ్డుకి తేవాలి. వెంటనే రక్తం తీసి ఐస్‌లో పెట్టండి. ఈ చేపలో పీసీబీల లాంటి రసాయనాలు చేరతాయి కాబట్టి ఎంత తినొచ్చో రాష్ట్రం సలహా ప్రకటిస్తుంది. గర్భిణులకీ పిల్లలకీ అది ఇంకా కఠినంగా ఉంటుంది, చదివి తీరండి. చర్మం, దాని కింద ఉండే ఎర్రటి కండ, పొట్ట కొవ్వు తీసేస్తే వాసనా తగ్గుతుంది, ఆ రసాయనాలూ తగ్గుతాయి. మిగిలిన తెల్ల కండ పులుసులో విరిగిపోదు. మా భీమవరం మిత్రుడు మొదటి ముద్ద తిని "ఇది పండుగప్పేరా, అమెరికా వచ్చి చారల చొక్కా వేసుకుంది" అన్నాడు. రెండిటికీ దగ్గరి చుట్టరికం ఏమీ లేదు గానీ నేను వాదించలేదు.

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లకి ఒక మాట. మీ శాన్ ఫ్రాన్సిస్కో బేలో ఉన్న స్ట్రైపర్లు కూడా మా న్యూజెర్సీవే. 1879లో ఇక్కడి నావెసింక్ నదిలో పట్టిన నూటముప్పై పైచిలుకు చిన్న చేపలని రైల్లో తీసుకెళ్లి అక్కడ వదిలారు. నియమాలు వేరు, చేప ఒకటే.

ఇంటికొచ్చాక

రాడ్, రీల్, ప్లయర్, గాలాలు అన్నిటినీ మంచినీళ్లతో కడగండి. పంపు ధారగా కొట్టకండి, ఆ వేగానికి ఉప్పు రీల్ లోపలికే పోతుంది. షవర్‌లా సన్నగా చల్లి, డ్రాగ్ వదులు చేసి, నీడలో ఆరబెట్టండి. జాకెట్ జేబుల్లో తడి రబ్బరు ఎరలు మర్చిపోకండి, వారం తర్వాత ఆ వాసన వర్ణించలేను. డ్రైసూట్ జిప్పుకి మైనం రాయండి. ఆ తర్వాత, ఒళ్లు నొప్పులతో పడుకునేముందు, నోట్‌బుక్‌లో ఐదు ముక్కలు రాయండి: తిథి, గాలి, నీళ్ల వేడి, ఏ గంటకి పోటు మీ ఫ్లాట్ మీదికి ఎక్కింది, చేప ఎక్కడ కనిపించింది. చేప పడని రోజైతే మరీ తప్పకుండా రాయండి. నా నోట్‌బుక్‌లో అలాంటి పేజీలే ఎక్కువ.